పాఠం - 9: గతకాలపు క్రీడామూర్తుల స్మృతి, వారసత్వం - సయ్యద్ అబ్దుల్ రహీం ఉదాహరణ

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 క్రీడా వారసత్వం అంటే ఏమిటి?
9.3 రహీం: జీవితం, నేపథ్యం
9.4 శిక్షణ పద్ధతులు
9.5 హెల్సింకీ నుంచి జకార్తా దాకా
9.6 వారసత్వం ఎందుకు పలచబడింది?
9.7 స్మృతి నిలిచే రూపాలు
9.8 స్మృతిని పరీక్షించడం
9.9 మీరు చేయగలిగిన పని
9.10 సారాంశం
9.11 ముఖ్యపదాలు
9.12 మీ ప్రగతిని సమీక్షించుకోండి - సమాధానాలు
9.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- క్రీడా వారసత్వంలోని మూడు అంశాలను వివరించగలుగుతారు.
- భారత ఫుట్‌బాల్ చరిత్రలో సయ్యద్ అబ్దుల్ రహీం స్థానాన్ని అంచనా వేయగలుగుతారు.
- ఒక క్రీడామూర్తి ఎందుకు గుర్తుంటారో, ఎందుకు మరుగున పడతారో కారణాలతో చెప్పగలుగుతారు.
- ప్రచారంలో ఉన్న కథను, ఆధారమున్న విషయాన్ని వేరుచేసి చూడగలుగుతారు.
- మీ ఊరి పాత క్రీడాకారుల జ్ఞాపకాలను నమోదు చేయగలుగుతారు.

9.1 పరిచయం

ముందుగా ఒక చిన్న పని చేయండి. మీకు తెలిసిన పాతతరం క్రీడాకారుల పేర్లు ఒక కాగితం మీద రాయండి. ధ్యాన్‌చంద్, సి.కె. నాయుడు, కోడి రామమూర్తి నాయుడు, మిల్ఖాసింగ్ వంటి పేర్లు అందులో ఉండవచ్చు. ఇప్పుడు అదే కాగితం మీద పాతతరం కోచ్‌ల పేర్లు రాయండి. చాలామందికి ఈ రెండో జాబితా ఖాళీగానే మిగిలిపోతుంది.

మైదానంలో కనిపించేవాడు ఆటగాడు. గీత అవతల నిలబడినవాడు సాధారణంగా ఫొటోలో పడడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశం ఇప్పటివరకు గెలిచిన స్వర్ణ పతకాలు రెండే. ఒకటి 1951లో, మరొకటి 1962లో వచ్చాయి. రెండుసార్లూ జట్టును తీర్చిదిద్దినవాడు హైదరాబాదుకు చెందిన ఒక బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ గౌరవంగా 'రహీం సాబ్' అనేవారు. ఆయన మరణించిన తరవాత దాదాపు అరవై ఏళ్లపాటు, పాత ఆటగాళ్లు, ఫుట్‌బాల్ అభిమానులు తప్ప ఆయన్ను తలచుకున్నవారు తక్కువ. ఇంత పని చేసిన మనిషి ఇంత త్వరగా ఎలా మరుగున పడ్డాడు? ఈ పాఠంలో మనం వేసుకునే ప్రధాన ప్రశ్న ఇదే.

9.2 క్రీడా వారసత్వం అంటే ఏమిటి?

ఒక క్రీడామూర్తి తన తరవాతి తరాలకు వదిలి వెళ్లేదాన్ని క్రీడా వారసత్వం అంటాం. అధ్యయన సౌలభ్యం కోసం దీన్ని మూడు అంశాలుగా విభజించుకుందాం.

అ) విజయాలు: పతకాలు, కప్పులు, పరుగులు, గోల్స్. ఇవి అంకెల్లో ఉంటాయి కాబట్టి నమోదు చేయడం సులభం. అందుకే జనానికి మొదట గుర్తుండేవి ఇవే.

ఆ) మనుషులు: ఆ వ్యక్తి తయారుచేసిన శిష్యులు, ఆ వ్యక్తిని చూసి ఆటలోకి వచ్చినవారు. ఇది ఒక తరం నుంచి మరొక తరానికి చేతుల మీదుగా అందే వారసత్వం.

ఇ) పద్ధతులు, సంస్థలు: ఆట నేర్పే విధానం, పోటీలు నిర్వహించే తీరు, క్లబ్బులు, మైదానాలు. బయటికి కనిపించవు. కానీ మిగిలిన రెండింటినీ నిలబెట్టేవి ఇవే.

చెట్టుతో పోల్చి చూస్తే విజయాలు కాయలు, మనుషులు కొమ్మలు, పద్ధతులూ సంస్థలూ వేళ్లు. కాయలు కోసుకున్న ఏడాది అందరికీ గుర్తుంటుంది. వేళ్లు ఎండిపోయిన ఏడాది ఏదో ఎవరికీ గుర్తుండదు. ఈ వర్గీకరణను మనసులో ఉంచుకుని రహీం జీవితాన్ని పరిశీలిద్దాం.

9.3 రహీం: జీవితం, నేపథ్యం

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. ఉపాధ్యాయ వృత్తిలో చేరి, నగరంలోని కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి ప్రాంతాల పాఠశాలల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలో కూడా డిప్లొమా పొందారు. ఫుట్‌బాల్ ఆడిన అనుభవం ఆయనకుంది. అయితే ఆయనకు పేరు తెచ్చింది ఆట కాదు, ఆట నేర్పడం. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి బాధ్యత చేపట్టారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. అదే కాలంలో భారత జట్టు బాధ్యత కూడా ఆయనకు దక్కింది. 1963లో మరణించేవరకు ఈ పనుల్లోనే ఉన్నారు.

సిటీ పోలీస్ జట్టు సాధించిన ఫలితాలు చూడండి. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. అప్పటికి భారత ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనే మాటే ఉండేది. ఆ మాటను దక్కన్ నుంచి వచ్చిన ఒక పోలీసు జట్టు మార్చింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58 సీజన్లలో వరసగా రెండుసార్లు గెలవడం ఈ పునాది మీద జరిగిందే.

9.4 శిక్షణ పద్ధతులు

రహీం వారసత్వంలో అన్నిటికన్నా విలువైన భాగం ఇది. అందుకే కొంచెం వివరంగా చూద్దాం.

మన వీధుల్లో పెరిగిన కుర్రవాళ్లకు బంతిని కాలికి అంటిపెట్టుకుని, ఎదుటివాళ్లను ఒక్కొక్కరినే తప్పించుకుంటూ పోవడం ఇష్టం. దీన్నే డ్రిబ్లింగ్ అంటారు. చూడటానికి బాగుంటుంది, చప్పట్లు పడతాయి. కానీ బలమైన జట్టు మీద ఇది చెల్లదు. బంతి ఎంత వేగంగా కదలగలదో అంత వేగంగా మనిషి పరుగెత్తలేడు. ఈ లోపాన్ని సరిచేయడానికి రహీం ఉపన్యాసాలు ఇవ్వలేదు. పోటీల నియమాలనే మార్చారు.

అ) డ్రిబ్లింగ్ లేని పోటీలు: ఇందులో బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. అంటే బంతి రాకముందే ఆటగాడు తల ఎత్తి, తనవాళ్లు ఎక్కడున్నారో చూసి ఉంచుకోవాలి. 'ముందుగా ఆలోచించు' అని వందసార్లు చెప్పే బదులు, ఆలోచించకపోతే ఆడలేని పరిస్థితిని కల్పించారు.

ఆ) బలహీనమైన కాలితో ఆడే పోటీలు: కుడికాలి వాటం ఉన్నవారు ఎడమకాలితో, ఎడమకాలి వాటం ఉన్నవారు కుడికాలితో ఆడాలి. ఒకే కాలితో ఆడేవాడు ఏ వైపు తిరుగుతాడో ప్రత్యర్థికి ముందే తెలిసిపోతుంది. రెండు కాళ్లూ పనిచేస్తే ఆ ఊహ సాగదు.

ఇ) పొట్టివారికి ప్రత్యేక పోటీలు: ఎత్తు తక్కువని పక్కన పెట్టే కుర్రవాళ్లకు వేరే పోటీలు పెట్టారు. దీనివల్ల కొలతల్లో ఇమడని ప్రతిభ కూడా బయటపడే అవకాశం కలిగింది.

ఈ మూడింటికీ పెద్ద ఖర్చు లేదు. కావలసింది ఒక మైదానం, ఒక బంతి, ఒక ఆలోచన. పాఠశాల ఉపాధ్యాయుడికి తెలిసిన సూత్రమే ఇది: పిల్లవాడి తప్పును తిట్టి మాన్పించలేం, అభ్యాసాన్ని మార్చి మాన్పించాలి.

ఆటగాళ్లను మైదానంలో నిలబెట్టే వ్యూహంలో కూడా రహీం కాలంతోపాటు నడిచారు. ముగ్గురు డిఫెండర్ల పాత అమరిక నుంచి, నలుగురు డిఫెండర్లు, ఇద్దరు మధ్యవరస ఆటగాళ్లు, నలుగురు ఫార్వర్డ్‌లు ఉండే 4-2-4 అమరికను భారత జట్టుకు అలవాటు చేశారు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
1. క్రీడా వారసత్వంలోని మూడు అంశాలు ఏవి?
2. డ్రిబ్లింగ్ లేని పోటీల వల్ల ఆటగాడిలో ఏ అలవాటు ఏర్పడుతుంది?

9.5 హెల్సింకీ నుంచి జకార్తా దాకా

1951లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. ఫైనల్లో భారత్ 1-0 తేడాతో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ గోల్ సాహు మేవాలాల్ కొట్టారు. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో దీనికి పూర్తి విరుద్ధంగా జరిగింది. యుగోస్లావియా చేతిలో భారత్ 1-10తో ఓడిపోయింది. మన ఆటగాళ్లలో ఎక్కువమంది చలిలో, ఉత్త కాళ్లతో ఆడారు. ఆ ఓటమి తరవాతే బూట్లు వేసుకుని ఆడటం తప్పనిసరి అయింది.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా 3 గోల్స్ కొట్టారు. సెమీఫైనల్లో మళ్లీ యుగోస్లావియాయే ఎదురైంది. ఈసారి మొదటి గోల్ భారత్‌దే. చివరికి 1-4తో ఓడినా, నాలుగేళ్ల కిందట 10 గోల్స్ ఇచ్చిన జట్టు అదే ప్రత్యర్థి మీద ముందంజలో నిలవడం గమనించదగిన మార్పు. కాంస్యం కోసం జరిగిన పోటీలో బల్గేరియా చేతిలో 0-3తో ఓడి, భారత్ నాలుగో స్థానం పొందింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనకు ఇప్పటికీ ఇదే అత్యుత్తమ ఫలితం. ఆ జట్టులో హైదరాబాద్ నుంచి అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం వంటివారు ఉన్నారు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ హంగరీ చేతిలో 1-2తో ఓడింది, ఫ్రాన్స్‌తో 1-1తో సమంగా నిలిచింది, పెరూ చేతిలో 1-3తో ఓడింది. ఆ తరవాత భారత ఫుట్‌బాల్ జట్టు మళ్లీ ఒలింపిక్స్‌కు వెళ్లలేదు.

1962 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. రహీం ఆరోగ్యం అప్పటికే క్షీణిస్తోంది. మొదటి ఆటలోనే భారత్ దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. తరవాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించింది. థాయిలాండ్‌తో ఆడినప్పుడు స్టాపర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం ఆయన్ను సెమీఫైనల్లో ఫార్వర్డ్‌గా దించారు. ఆయన గోల్ కూడా కొట్టారు. దక్షిణ వియత్నాం మీద భారత్ 3-2తో గెలిచింది.

సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా. అది 1956, 1960 ఆసియా కప్‌లు గెలిచిన జట్టు. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని ఒక భారత ప్రతినిధి విమర్శించినందుకు స్థానిక ప్రేక్షకులు మన జట్టుకు వ్యతిరేకంగా ఉన్నారు. కిక్కిరిసిన స్టేడియంలో మనవాళ్ల చెవుల్లో పడింది గేలి చేసే అరుపులే. జ్వరం నుంచి కోలుకుంటున్న గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ బరిలోకి దిగారు. మొదటి అర్ధభాగంలోనే పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్ కొట్టారు. కొరియా చివర్లో ఒక గోల్ మాత్రమే చేయగలిగింది. భారత్ 2-1తో గెలిచింది.

ఫైనల్‌కు ముందు రాత్రి రహీం తమను ఆ స్వర్ణాన్ని తనకు కానుకగా ఇవ్వమని అడిగారని ఆటగాళ్లు తరవాతి కాలంలో చెప్పుకునేవారు. తొమ్మిది నెలల తరవాత, 1963 జూన్ 11న ఆయన క్యాన్సర్‌తో మరణించారు. ఆయనకు అప్పటికి 53 ఏళ్లు.

9.6 వారసత్వం ఎందుకు పలచబడింది?

రహీం తరవాత భారత జట్టు 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం, 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం సాధించింది. ఆ పైన మెట్లు దిగడమే జరిగింది. కారణాలను 9.2లోని మూడు అంశాలతో జతచేసి చూడండి.

మొదటిది, పద్ధతి ఒక మనిషిలోనే ఉండిపోయింది. రహీం శిక్షణ విధానం పాఠ్యపుస్తకంగా, శిక్షణ కేంద్రంగా మారలేదు. మనిషి పోగానే పద్ధతికి ఆధారం పోయింది.

రెండోది, ఆటగాళ్లు వలస వెళ్లారు. కలకత్తా క్లబ్బుల్లో ఆదరణ, ఆదాయం ఎక్కువ. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. తరవాతి తరంలో మహమ్మద్ హబీబ్ కూడా కలకత్తాలోనే తన జీవితంలోని ఉత్తమ కాలం ఆడారు. వారిని తప్పుపట్టలేం. ఆట మీద బతకవలసినవాడు, ఆటకు బతుకునిచ్చే చోటికే వెళతాడు. అయితే హైదరాబాదు కుర్రవాళ్లు తమ వీరులను కళ్లారా చూసే అవకాశం తగ్గింది.

మూడోది, హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు వెన్నెముకగా ఉన్నవి పోలీసు శాఖ వంటి సంస్థల జట్లు. ఆట ద్వారా ఉద్యోగం వస్తుందన్న ఆశే పేద కుటుంబాల పిల్లలను మైదానానికి తెచ్చేది. ఆ జట్ల ప్రాధాన్యం తగ్గేకొద్దీ ఆ ఆశా సన్నగిల్లింది. పెరిగే నగరంలో ఖాళీ స్థలాలు తగ్గాయి. 1983 ప్రపంచ కప్ విజయం తరవాత క్రికెట్ జనాదరణ పెరిగింది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. కానీ ఒక కొత్త క్లబ్బు విజయం, తెగిపోయిన వీధి మైదానాల పరంపరను తనంతట తాను తిరిగి అతకలేదు.

9.7 స్మృతి నిలిచే రూపాలు

సమాజం తన క్రీడామూర్తులను ఏయే విధాలుగా గుర్తుంచుకుంటుందో చూద్దాం.

అ) పేర్లు: ధ్యాన్‌చంద్ పుట్టినరోజు ఆగస్టు 29 జాతీయ క్రీడా దినోత్సవం. 2021 నుంచి అత్యున్నత క్రీడా పురస్కారం కూడా ఆయన పేరు మీదే ఉంది. సి.కె. నాయుడు పేరు మీద యువకుల క్రికెట్ ట్రోఫీ ఉంది. శ్రీకాకుళంలో కోడి రామమూర్తి పేరుతో స్టేడియం ఉంది. అయితే హైదరాబాదులోని పెద్ద స్టేడియాల పేర్లు ఒకసారి గుర్తుచేసుకోండి: లాల్‌బహదూర్, జి.ఎం.సి. బాలయోగి, కోట్ల విజయభాస్కరరెడ్డి. అందరూ ప్రజాజీవితంలో పేరున్న నాయకులే. వారిలో క్రీడాకారుడు ఎవరూ లేరు.

ఆ) పురస్కారాలు: కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైంది. అప్పటికి రహీం మరణించి 22 ఏళ్లు. బలరాంకు 1962లో అర్జున పురస్కారం వచ్చింది.

ఇ) శిష్యులు, కుటుంబం: రహీం కుమారుడు ఎస్.ఎ. హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యులు. తరవాత కోచ్‌గా, రిఫరీగా పనిచేశారు. 2021లో మరణించారు.

ఈ) సినిమా: 2024లో రహీం జీవితం ఆధారంగా 'మైదాన్' అనే హిందీ చిత్రం వచ్చింది. అజయ్ దేవగణ్ రహీం పాత్ర ధరించారు. అరవై ఏళ్లలో పాఠ్యపుస్తకాలు చేరలేని చోటికి ఒక సినిమా ఈ పేరును చేర్చింది.

ఉ) మౌఖిక జ్ఞాపకం: తనకు రోజూ శిక్షణకు రావడానికి సైకిల్ అద్దె డబ్బులు రహీం సాబ్ ఇచ్చేవారని బలరాం చెప్పుకునేవారు. ఆయన సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడలో పెరిగిన పేద కుర్రవాడు. ఏ పతకాల పట్టికలోనూ కనిపించని ఈ సంగతి, ఒక కోచ్ అంటే ఏమిటో అంకెలకన్నా బాగా చెబుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
3. రహీం తరవాత హైదరాబాద్ ఫుట్‌బాల్ క్షీణించడానికి ఏవైనా రెండు కారణాలు రాయండి.
4. ద్రోణాచార్య పురస్కారం ఏ సంవత్సరంలో ప్రారంభమైంది?

9.8 స్మృతిని పరీక్షించడం

గుర్తుంచుకోవడం ఎంత ముఖ్యమో, సరిగా గుర్తుంచుకోవడం అంత ముఖ్యం. ఒక ఉదాహరణ చూడండి. 1950 ప్రపంచ కప్‌కు భారత జట్టు వెళ్లకపోవడానికి కారణం, ఉత్త కాళ్లతో ఆడనివ్వకపోవడమే అని మీరు విని ఉంటారు. వినడానికి బాగుండే కథ. కానీ నిలుస్తుందా? ఆ రోజుల్లో మన క్రీడా నిర్వాహకులు ప్రపంచ కప్‌కన్నా ఒలింపిక్స్‌కే ఎక్కువ విలువ ఇచ్చేవారు. బ్రెజిల్‌కు ఓడ ప్రయాణం చాలా దూరం. జట్టు ఎంపిక, సాధన విషయాల్లోనూ చిక్కులు ఉన్నాయి. పైగా, బూట్లు లేకపోవడమే ఏకైక అడ్డంకి అయితే, బూట్లు తొడుక్కుంటే సరిపోయేది. ఉత్త కాళ్ల కథ జనానికి నచ్చింది కాబట్టి నిలిచింది, నిజం కాబట్టి కాదు.

అందువల్ల ఏ పాత సంగతినైనా మూడు ప్రశ్నలతో పరీక్షించండి: ఇది చెప్పినవారు అక్కడ ఉన్నారా? అప్పటి పత్రికలు, ఆటల ఫలితాల పట్టికలు దీనికి తోడుగా ఉన్నాయా? తేదీలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా? సినిమాను కూడా ఇలాగే చూడాలి. సినిమా ఒక ద్వారం. లోపలికి వెళ్లడానికి పనికివస్తుంది. సాక్ష్యంగా మాత్రం పనికిరాదు. అలాగని మౌఖిక జ్ఞాపకాన్ని తోసిపుచ్చనక్కరలేదు. 'కానుకగా స్వర్ణం' వంటి సంగతిని 'ఆటగాళ్లు చెప్పినది' అని గుర్తుపెట్టి రాస్తే చాలు.

9.9 మీరు చేయగలిగిన పని

1962 స్వర్ణ జట్టులో పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి 2020లో, చంద్రశేఖర్ 2021లో, బలరాం 2023 ఫిబ్రవరిలో మరణించారు. తరవాతి తరానికి చెందిన హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాదులో కన్నుమూశారు. వారిని ఎవరైనా అడిగి రాసుకున్న మాటలు మిగిలాయి. అడగని మాటలు వారితోపాటే పోయాయి.

మీ ఊళ్లోనూ ఇలాంటివారు ఉంటారు. జిల్లా జట్టుకు ఆడిన కబడ్డీ ఆటగాడు, విశ్వవిద్యాలయానికి పరుగెత్తిన అథ్లెట్, ముప్పై ఏళ్లు పిల్లలకు వాలీబాల్ నేర్పిన వ్యాయామ ఉపాధ్యాయుడు. ఈ పాఠానికి అనుబంధంగా కింది పని చేయండి.

1. అరవై ఏళ్లు దాటిన ఒక క్రీడాకారుణ్ణి లేదా క్రీడాకారిణిని ఎంచుకోండి. ముందుగా వారి అనుమతి తీసుకోండి.
2. 'మీరు ఎన్ని పతకాలు గెలిచారు?' అనే ప్రశ్నతో మొదలుపెట్టకండి. 'మీకు ఆట ఎవరు నేర్పారు? ఎక్కడ ఆడేవారు? ఆ స్థలంలో ఇప్పుడు ఏముంది?' అని అడగండి.
3. వారి మాటలను వారి యాసలోనే రాసుకోండి. ఫోన్‌లో రికార్డు చేస్తే, తేదీ, స్థలం మొదటే చెప్పండి.
4. పాత ఫొటోలు ఉంటే ఫొటో తీసి తిరిగి ఇచ్చేయండి. అందులో ఉన్నవారి పేర్లు ఎడమ నుంచి కుడికి వరసగా రాసుకోండి. పేర్లు లేని ఫొటో ఒక తరం దాటితే ఎవరిదో తెలియదు.
5. తేదీలు, ఫలితాలను పాత పత్రికలతోగాని, సర్టిఫికెట్లతోగాని సరిచూడండి.
6. ఒక ప్రతిని మీ ఊరి గ్రంథాలయానికి లేదా పాఠశాలకు ఇవ్వండి.

దీనికి రెండు మూడు మధ్యాహ్నాలు చాలు. వచ్చే ఏడాది చేద్దామని వాయిదా వేసుకోకండి.

9.10 సారాంశం

క్రీడా వారసత్వంలో విజయాలు, మనుషులు, పద్ధతులూ సంస్థలూ అనే మూడు అంశాలు ఉంటాయి. సయ్యద్ అబ్దుల్ రహీం 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 ఒలింపిక్స్ నాలుగో స్థానం సాధించిన జట్లకు కోచ్. తక్కువ ఖర్చుతో, నియమాలు మార్చిన పోటీల ద్వారా ఆటగాళ్లను తయారుచేశారు. ఆయన పద్ధతి సంస్థగా మారకపోవడం, ఆటగాళ్ల వలస, సంస్థల జట్లూ మైదానాలూ తగ్గడం వల్ల ఆ వారసత్వం పలచబడింది. స్మృతి పేర్లు, పురస్కారాలు, శిష్యులు, సినిమా, మౌఖిక జ్ఞాపకాల రూపంలో నిలుస్తుంది. దాన్ని ఆధారాలతో పరీక్షించాలి, ఆలస్యం కాకముందే నమోదు చేయాలి.

9.11 ముఖ్యపదాలు

వారసత్వం: ఒక వ్యక్తి తన తరవాతి తరాలకు వదిలి వెళ్లే విజయాలు, శిష్యులు, పద్ధతులు.
డ్రిబ్లింగ్: బంతిని కాలి దగ్గరే ఉంచుకుని ప్రత్యర్థులను తప్పించుకుంటూ ముందుకు సాగడం.
స్టాపర్: రక్షణ వరస మధ్యలో నిలిచి ప్రత్యర్థి ఫార్వర్డ్‌లను అడ్డుకునే ఆటగాడు.
మౌఖిక చరిత్ర: చూసినవారు, పాల్గొన్నవారు చెప్పిన మాటల ఆధారంగా రాసుకునే చరిత్ర.

9.12 మీ ప్రగతిని సమీక్షించుకోండి - సమాధానాలు

1. విజయాలు; మనుషులు; పద్ధతులు, సంస్థలు.
2. బంతి రాకముందే చుట్టూ చూసి, పాస్ ఎవరికివ్వాలో నిర్ణయించుకునే అలవాటు.
3. పద్ధతి సంస్థగా మారకపోవడం, ఆటగాళ్ల వలస. (9.6లోని ఏ రెండు కారణాలైనా రాయవచ్చు.)
4. 1985.

9.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణ పద్ధతులను వివరించి, వాటి ప్రయోజనాన్ని చర్చించండి.
2. 'ఒక మనిషిలోనే ఉండిపోయిన పద్ధతి ఆ మనిషితోనే పోతుంది.' హైదరాబాద్ ఫుట్‌బాల్ ఆధారంగా విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 1952, 1956 ఒలింపిక్స్‌లో యుగోస్లావియాతో భారత్ ఆడిన ఆటలను పోల్చండి.
2. 1950 ప్రపంచ కప్ గురించిన ప్రచారాన్ని ఎలా పరీక్షిస్తారు?
3. మీ ప్రాంతంలోని ఒక పాతతరం కోచ్ లేదా వ్యాయామ ఉపాధ్యాయుడి సేవలను మూడు అంశాల వర్గీకరణ ప్రకారం రాయండి.